హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు: ఏపీ, డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్, క్లెప్‌లకు పూర్తి ప్రణాళిక

పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అమెరికాలోని తెలుగు ఇళ్ళలో ఒకటే ప్రశ్న మొదలవుతుంది: "ఎన్ని ఏపీలు తీసుకోవాలి?" ఏపీ అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. అడిగిన ప్రతివాళ్ళకూ నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: "ఆ క్రెడిట్లు ఎక్కడ వాడుకుందామని?"

పరీక్ష రాసినంత మాత్రాన క్రెడిట్, అంటే కాలేజీ డిగ్రీలో లెక్కకు వచ్చే కోర్సు యూనిట్, రాదు. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏ కోర్సు కింద ఇవ్వాలి అన్నది తేల్చేది పిల్లలు చేరబోయే కాలేజీ. అందుకే ఈ పని చివరి నుంచి మొదటికి చేసుకుంటూ రావాలి. కింద రాసిన క్రమం అదే. ఇండియాలో ఇంటర్ చదువుతూ ఏపీ పరీక్ష రాద్దామనుకునేవాళ్ళు 2వ భాగం చదివి, తర్వాత 9వ భాగానికి వెళ్ళవచ్చు.

## 1. మూడు దారులు, వాటి మధ్య అసలు తేడా

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే ఏపీ. అమెరికాలోని పరీక్షల సంస్థ కాలేజ్ బోర్డ్ దీన్ని నడుపుతుంది. ఏడాదంతా స్కూల్లో కోర్సు, మే మొదటి రెండు వారాల్లో పరీక్ష. స్కోరు 1 నుంచి 5 వరకు. కోర్సు తీసుకోకుండా పరీక్ష మాత్రమే రాయడానికీ వీలుంది.

డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్. ఇది అచ్చంగా కాలేజీ కోర్సే. ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీలో, కొన్నిచోట్ల హైస్కూల్ ఆవరణలోనే ఉంటుంది. చివర ఒక్క పరీక్ష మీద కాకుండా సెమిస్టర్ అంతా చేసిన పని మీద గ్రేడ్ వస్తుంది.

క్లెప్. ఇదీ కాలేజ్ బోర్డ్‌దే. కోర్సు ఉండదు, ఒక్క పరీక్ష. చాలావాటికి 90 నిమిషాలు. స్కోరు 20 నుంచి 80 వరకు.

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) నడిపే స్కూళ్ళ లెక్క వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

ఈ మూడింటి మధ్య తల్లిదండ్రులు మొదట అర్థం చేసుకోవాల్సిన తేడా ఒకటుంది. ఏపీలో 2 వచ్చిందనుకోండి, ఆ స్కోరు కాలేజీకి చెప్పకుండా ఊరుకోవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో సి గానీ ఎఫ్ గానీ వస్తే మాత్రం అది కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ (గ్రేడ్ల అధికారిక రికార్డు) మీద శాశ్వతంగా ఉండిపోతుంది. పదహారేళ్ళ వయసులో వచ్చిన ఆ గ్రేడు ఇరవై రెండేళ్ళ వయసులో మెడికల్ స్కూల్ దరఖాస్తులో మళ్ళీ కనిపిస్తుంది. మెడికల్ స్కూళ్ళ ఉమ్మడి దరఖాస్తు అయిన ఆమ్‌కాస్‌లో హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సులు కూడా చూపించాలి, వాటి గ్రేడ్లు జీపీఏలో కలుస్తాయి. పిల్లల్ని డాక్టర్లు చేయాలనుకునే ఇళ్ళలో ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

## 2. కాలేజీల వైపు నుంచి వెనక్కి రండి

ఒక కాగితం మీద ఆరు కాలేజీల పేర్లు రాయండి. అందులో కనీసం రెండు మీ రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలు కావాలి. ఒక్కోదాని వెబ్‌సైట్‌లో ఏపీ క్రెడిట్ పాలసీ పేజీ తెరిచి ఈ ఐదూ రాసుకోండి:

- ఏ సబ్జెక్టుకు కనీస స్కోరు ఎంత: 3, 4 లేక 5?
- ఏ కోర్సుకు సమానమంటున్నారు? కోర్సు నంబరుతో సహా.
- అది డిగ్రీకి తప్పనిసరి కోర్సును తీర్చేస్తుందా, లేక ఉత్త ఎలెక్టివ్‌గా (ఐచ్ఛిక కోర్సుగా) పడి ఉంటుందా?
- మొత్తం ఎన్ని క్రెడిట్ల వరకే తీసుకుంటారు?
- డిపార్ట్‌మెంట్ విడిగా ఏమైనా ఆంక్ష పెట్టిందా?

కాలేజీకీ కాలేజీకీ ఎంత తేడా ఉంటుందో చూడండి. టెక్సస్‌లో పబ్లిక్ కాలేజీలు 3 స్కోరుకు క్రెడిట్ ఇవ్వాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. అంతకంటే ఎక్కువ కావాలంటే కాలేజీయే ఆధారం చూపాలి. ఇల్లినాయిస్‌లోనూ 3కు క్రెడిట్ ఇవ్వాలనే చట్టం ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థలో 3కు యూనిట్లు వస్తాయి. కానీ అవి మేజర్‌కు (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకు) పనికొస్తాయా లేదా అన్నది క్యాంపస్‌ను బట్టి, డిపార్ట్‌మెంట్‌ను బట్టి మారుతుంది. ఎంఐటీలో క్యాల్కులస్ బీసీలో (ఏపీ క్యాల్కులస్ రెండింటిలో పై స్థాయిది) 5 వస్తే మొదటి క్యాల్కులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తారు. క్యాల్‌టెక్ ఏపీకి క్రెడిట్ ఇవ్వదు.

ఎక్కువమంది మోసపోయేది మూడో ప్రశ్న దగ్గరే. ముప్ఫై క్రెడిట్లతో కాలేజీలో చేరామని సంబరపడతారు, తీరా చూస్తే అందులో సగం ఎలెక్టివ్‌లు. ఇంజనీరింగ్ డిగ్రీలో ఖాళీ ఎలెక్టివ్‌లకు చోటే తక్కువ. అటువంటి క్రెడిట్ల వల్ల రిజిస్ట్రేషన్‌లో సీనియారిటీ రావచ్చు గానీ చదువు కాలం తగ్గదు.

డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ కోర్సులకు ఇంకో రెండు ప్రశ్నలు కలపండి. హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కు వాడుకున్న కోర్సుకు క్రెడిట్ ఇస్తారా? హైస్కూల్ ఆవరణలో చెప్పిన కోర్సును ఒప్పుకుంటారా? చాలా ప్రైవేట్ యూనివర్సిటీలు ఈ రెండింటికీ కాదంటాయి. అదే రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీలకు మారేటప్పుడు దారి సాఫీగా ఉంటుంది. కాలిఫోర్నియాలో అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే సైట్‌లో కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో కనిపిస్తుంది. టెక్సస్‌లో ఉమ్మడి కోర్సు నంబర్ల పద్ధతి ఉంది.

## 3. ఏ ఏడు ఏది, ఎన్ని

లెక్కల మెట్లు ముందు చూడండి, మిగతావి దాని వెనకే వస్తాయి. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా 1 అయితే, తొమ్మిదిలో జామెట్రీ, పదిలో ఆల్జీబ్రా 2, పదకొండులో ప్రీక్యాల్కులస్, పన్నెండులో క్యాల్కులస్. ఏడో తరగతిలోనే ఆల్జీబ్రా 1 అయినవాళ్ళు పదకొండులో క్యాల్కులస్‌కు చేరతారు. క్యాల్కులస్ ఆధారంగా నడిచే ఫిజిక్స్ సి తీసుకోవాలంటే క్యాల్కులస్ అంతకుముందు ఏడాది అయిపోయి ఉండాలి, కనీసం అదే ఏడు పక్కపక్కన నడవాలి. ఫిజిక్స్ 1కు ఆల్జీబ్రా చాలు.

ఎక్కువ స్కూళ్ళలో పిల్లలు ఇలా వెళ్తారు:

- 9వ తరగతి: హ్యూమన్ జాగ్రఫీ లేదా కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్. ఒకటి చాలు.
- 10వ తరగతి: వరల్డ్ హిస్టరీ, ఆసక్తి ఉంటే కంప్యూటర్ సైన్స్ ఎ. ఇది జావాలో ఉంటుంది.
- 11వ తరగతి: ఇంగ్లిష్ లాంగ్వేజ్, యూఎస్ హిస్టరీ, ఒక సైన్స్, వీలైతే క్యాల్కులస్.
- 12వ తరగతి: మేజర్‌కు దగ్గరగా ఉన్నవి.

ఎన్ని అన్నదానికి నా మాట: తొమ్మిదిలో ఒకటి, పదిలో ఒకటో రెండో, పదకొండులో మూడు, పన్నెండులో మూడో నాలుగో. "వాళ్ళబ్బాయి పద్నాలుగు రాశాడట" అని పక్కింటి లెక్క మీ ఇంటికి తేవద్దు. ఒక్కో ఏపీకి ఇంటి దగ్గర వారానికి నాలుగైదు గంటలు పెట్టాలి, క్యాల్కులస్ బీసీ, కెమిస్ట్రీ, యూఎస్ హిస్టరీలకు ఇంకా ఎక్కువ. ఆ గంటలు నిద్రలోంచి తీస్తే గ్రేడ్లు పడతాయి. అడ్మిషన్లవాళ్ళు మొదట చూసేది ట్రాన్‌స్క్రిప్ట్ మీది గ్రేడ్లు, స్కూల్లో ఉన్నవాటిలో పిల్లలు ఎంత కష్టమైనవి ఎంచుకున్నారన్నది. మీ స్కూల్లో ఆరే ఏపీలు ఉంటే, ఇరవై ఉన్న స్కూల్ పిల్లలతో మిమ్మల్ని పోల్చరు.

పన్నెండో తరగతిలో రాసే పరీక్షల స్కోర్లు జులైలో వస్తాయి. అప్పటికి అడ్మిషన్ల కథ ముగిసిపోతుంది. ఆ ఏడు రాసే పరీక్షలు క్రెడిట్ కోసమే, కాబట్టి చేరబోయే కాలేజీ క్రెడిట్ ఇచ్చేవే రాయండి. స్కూల్ నియమం అడ్డు రాకపోతే, మిగతావాటికి కోర్సు చదివి గ్రేడ్ తెచ్చుకుంటే చాలు. ఒక్కో పరీక్షకు వంద డాలర్లు మిగులుతాయి.

ఏపీ భాషల పరీక్షల్లో తెలుగు లేదు. ఇంట్లో, తెలుగు బడిలో నేర్చుకున్న భాషకు గుర్తింపు కావాలంటే "సీల్ ఆఫ్ బైలిటరసీ" (రెండు భాషలు వచ్చినట్టు ఇచ్చే గుర్తింపు) గురించి, భాషా ప్రావీణ్య పరీక్షతో స్కూల్ క్రెడిట్ ఇస్తారా అన్నదాని గురించి కౌన్సెలర్‌ను అడగండి. మనవాళ్ళలో ఈ మాట అడిగేవాళ్ళు తక్కువ. తప్పకుండా అడగాల్సిన మాట ఇది.

## 4. క్యాలెండర్: తేదీలు జారిపోకుండా

- జనవరి–మార్చి: వచ్చే ఏడాదికి కోర్సుల ఎంపిక. ప్రీరిక్విజిట్‌లు, టీచర్ సంతకాలు ఇప్పుడే చూసుకోవాలి.
- ఆగస్టు–సెప్టెంబర్: టీచర్ ఇచ్చే జాయిన్ కోడ్‌తో కాలేజ్ బోర్డ్ ఖాతాలోంచి "మై ఏపీ"లో చేరడం.
- అక్టోబర్–నవంబర్: పరీక్షకు రిజిస్ట్రేషన్. స్కూళ్ళు నవంబర్ మధ్యకల్లా ఆర్డర్ పంపాలి. చాలా స్కూళ్ళు తమ గడువును అంతకంటే ముందే పెడతాయి.
- జనవరి మధ్య: అదనపు సమయం వంటి వెసులుబాట్లు కావాల్సినవాళ్ళకు గడువు.
- ఏప్రిల్ 30 ప్రాంతం: కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్, ఏపీ సెమినార్, ఏపీ రిసెర్చ్ కోర్సుల ప్రాజెక్టు పనులు ఆన్‌లైన్‌లో సమర్పించాలి.
- మే: పరీక్షలు.
- జూన్ 20: ఒక కాలేజీకి ఉచితంగా స్కోరు పంపే అవకాశానికి ఆఖరు.
- జులై మొదట్లో: స్కోర్లు.

క్లాసులో చేరడం, పరీక్షకు రిజిస్టర్ కావడం రెండు వేర్వేరు పనులు. క్లాసులో ఉన్నాం కదా అని ఊరుకుంటే నవంబర్ దాటాక ఆలస్య రుసుముగా 40 డాలర్లు కట్టాలి. పరీక్ష ఫీజు ఈమధ్య అమెరికాలో 99 డాలర్లు. సెమినార్, రిసెర్చ్‌లకు ఇంకా ఎక్కువ. కొన్ని రాష్ట్రాలు, స్కూల్ డిస్ట్రిక్టులు ఫీజు తామే కడతాయి, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు రాయితీ ఉంది. చెల్లించేముందు స్కూల్లో ఏపీ పరీక్షలు చూసే కోఆర్డినేటర్‌ను అడగండి.

మీ స్కూల్లో ఆ ఏపీ లేకపోతే? బయటి విద్యార్థులను రాయనిచ్చే స్కూల్‌ను మీరే వెతుక్కోవాలి. కాలేజ్ బోర్డ్ వారి ఏపీ కోర్స్ లెడ్జర్‌లో చుట్టుపక్కల ఏ స్కూళ్ళు ఏ ఏపీలు చెబుతున్నాయో కనిపిస్తుంది. ఆగస్టు చివర్లోనే ఫోన్లు మొదలుపెట్టి, అక్కడి ఏపీ కోఆర్డినేటర్‌తో మాట్లాడండి. అక్టోబర్‌లో అడిగితే "సీట్లు నిండిపోయాయి" అనే మాటే వినిపిస్తుంది.

## 5. ఏడాది పొడుగునా చదువు

మొదటి రోజే దింపుకోవాల్సిన కాగితం కోర్స్ అండ్ ఎగ్జామ్ డిస్క్రిప్షన్. కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఉచితం. ఏ యూనిట్‌కు పరీక్షలో ఎంత శాతం వాటా, ఏ నైపుణ్యం అడుగుతారు అన్నది అందులో ఉంటుంది. దాన్ని చదవకుండా మూడు గైడ్ పుస్తకాలు కొనేవాళ్ళే ఎక్కువ.

ఆగస్టు నుంచి ఫిబ్రవరి వరకు. యూనిట్ పూర్తి కాగానే కాలేజ్ బోర్డ్ వారి ఏపీ క్లాస్‌రూమ్ సైట్‌లో ప్రోగ్రెస్ చెక్ చేయాలి. టీచర్ తెరవకపోతే తెరవమని అడగాలి. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం: ఎందుకు తప్పింది? విషయం తెలియకనా, ప్రశ్న సరిగా చదవకనా, లెక్క జారిందా?

మార్చి, ఏప్రిల్. పాత ఫ్రీ రెస్పాన్స్ (జవాబు విడమరిచి రాయాల్సిన) ప్రశ్నలు, వాటికి మార్కులు ఎలా వేశారో చెప్పే స్కోరింగ్ గైడ్‌లైన్స్, విద్యార్థులు రాసిన అసలు జవాబుల నమూనాలు, మూడూ ఉచితంగా దొరుకుతాయి. ఇంతకు మించిన కోచింగ్ లేదు. సమయం పెట్టుకుని రాయాలి, తర్వాత గైడ్‌లైన్స్ పక్కన పెట్టుకుని తన పేపర్ తానే దిద్దుకోవాలి. పిల్లలు ఈ దిద్దే పనినే ఎగ్గొడతారు. మీరు పక్కన కూర్చుని చేయించదగ్గ పని ఏదైనా ఉంటే అది ఇదే. సబ్జెక్టు మీకు రాకపోయినా ఫరవాలేదు.

చివరి రెండు వారాలు. కనీసం ఒక పూర్తి నమూనా పరీక్ష, ఒకే కూర్చోడంలో. కొత్త పాఠాలు వద్దు, తప్పుల నోట్‌బుక్ చాలు.

వీడియోలు గంటలకొద్దీ చూసి "అంతా వచ్చు" అనుకోవడం ఈమధ్య బాగా పెరిగింది. చూసినది చేతికి వచ్చిందో లేదో ఖాళీ కాగితం మీద రాస్తేనే తెలుస్తుంది.

## 6. జవాబు రాయడం: మార్కులు పోయేది ఇక్కడే

మల్టిపుల్ చాయిస్‌లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. జేఈఈ నెగటివ్ మార్కుల అలవాటున్న నాన్నగారు "తెలియకపోతే వదిలేయ్" అని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. ఇక్కడ ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు.

ఫ్రీ రెస్పాన్స్‌లో ఒక్కో పాయింటు విడిగా లెక్కిస్తారు. చివరి జవాబు తప్పినా మధ్య పాయింట్లు వస్తాయి. జవాబు సరైనదైనా పని చూపకపోతే పాయింట్లు పోతాయి.

క్యాల్కులస్‌నే తీసుకోండి. మల్టిపుల్ చాయిస్ 45 ప్రశ్నలు, ఫ్రీ రెస్పాన్స్ 6, రెండింటికీ చెరిసగం వాటా. ఆ ఆరింటిలో రెండింటికే క్యాల్కులేటర్ అనుమతి. అక్కడ పాటించాల్సినవి:

- క్యాల్కులేటర్‌లో కొట్టేముందు ఇంటెగ్రల్‌ను లిమిట్‌లతో సహా కాగితం మీద రాయాలి. ఆ రాతకే పాయింటు ఉంటుంది.
- జవాబు మూడు దశాంశ స్థానాల వరకు. మధ్యలో రౌండ్ చేయకూడదు.
- క్యాల్కులేటర్ రేడియన్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి.
- అడిగినచోట యూనిట్లు రాయాలి.
- "ఎందుకు?" అని అడిగితే సిద్ధాంతం పేరు ఒక్కటే చాలదు. మీన్ వాల్యూ థీరమ్ వాడితే, ఆ ఫంక్షన్ దానికి కావాల్సిన షరతులు తీరుస్తోందని కూడా రాయాలి.
- చివర్లో అంకెలను సులభం చేయాల్సిన పని లేదు. అక్కడ తప్పు చేసి ఉన్న పాయింటు పోగొట్టుకోవడం ఎందుకు?

చరిత్రలో పద్ధతి వేరు. యూఎస్ హిస్టరీ, వరల్డ్ హిస్టరీల్లో పత్రాలు ఇచ్చి వ్యాసం రాయమనే డీబీక్యూకి 7 పాయింట్లు, 60 నిమిషాలు. అందులో మొదటి 15 నిమిషాలు పత్రాలు చదవడానికే. వాదన ఒక్క వాక్యంలో స్పష్టంగా చెప్పడం, కాలసందర్భం పెట్టడం, పత్రాలను వాదనకు వాడటం, పత్రాల్లో లేని ఒక ఆధారం తేవడం, పత్రం ఎవరు ఎందుకు రాశారో విశ్లేషించడం, ఇలా ఒక్కోదానికి పాయింట్లున్నాయి. మన పిల్లలు తరచూ చేసే పొరపాటు పత్రాల సారాంశం అందంగా రాసి ఊరుకోవడం. "ఈ పత్రం ఇలా చెబుతోంది" దగ్గర ఆగకుండా "కాబట్టి నా వాదన నిలుస్తుంది" దాకా వెళ్ళాలి.

2025 మే నుంచి 28 ఏపీ పరీక్షలు కాలేజ్ బోర్డ్ పరీక్షల యాప్ అయిన బ్లూబుక్‌లోకి మారాయి. ఇంగ్లిష్, చరిత్ర వంటివి పూర్తిగా టైపు చేయాలి. లెక్కలు, సైన్సులు చాలావాటికి ప్రశ్నలు తెర మీద, ఫ్రీ రెస్పాన్స్ జవాబులు కాగితం మీద చేత్తో. అందుకని సాధన కూడా అలాగే చేయాలి: వ్యాసాలు టైపు చేస్తూ, లెక్కలు తెర చూస్తూ కాగితం మీద.

## 7. పరీక్ష ముందు రోజు, ఆ రోజు

- బ్లూబుక్‌లో ఎగ్జామ్ సెటప్ పూర్తయిందా?
- ల్యాప్‌టాప్ పూర్తిగా చార్జ్ చేశారా, చార్జర్ సంచీలో ఉందా?
- అనుమతించిన క్యాల్కులేటర్, కొత్త బ్యాటరీలు.
- పెన్సిళ్ళు, నలుపు లేదా ముదురు నీలం పెన్నులు.
- ఫోన్, స్మార్ట్‌వాచ్ లోపలికి తీసుకెళ్ళకూడదు. విరామంలో ఫోన్ తీసినా స్కోరు రద్దయ్యే ప్రమాదం ఉంది.
- ఏ గదిలో, ఎన్ని గంటలకు? ఉదయం పరీక్షా, మధ్యాహ్నం పరీక్షా?

రెండు పరీక్షలు ఒకే సమయానికి పడితే ఒకటి లేట్ టెస్టింగ్‌లో (తర్వాతి తేదీల్లో పెట్టే పరీక్షలో) రాయవచ్చు. జ్వరం వచ్చినా అదే దారి. కోఆర్డినేటర్‌కు ఆ రోజే చెప్పాలి.

## 8. డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్: అడుగడుగునా

మొదట మీ రాష్ట్రం పథకం. వాషింగ్టన్‌లో రన్నింగ్ స్టార్ట్: 11, 12 తరగతుల పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ లేకుండా చదవవచ్చు, పుస్తకాలు, కొన్ని ఫీజులు, రాకపోకలు మీవి. మిన్నసోటాలో పీఎస్ఈఓ పుస్తకాల ఖర్చు కూడా భరిస్తుంది. ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్ ఏడో తరగతి నుంచే ఉంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో యూనిట్‌కు 46 డాలర్ల రుసుము పార్ట్‌టైమ్‌గా చదివే హైస్కూల్ పిల్లలకు సాధారణంగా మాఫీ అవుతుంది. మీ రాష్ట్రం సంగతి కౌన్సెలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

హెచ్‌-4 మీద ఉన్న పిల్లలు. హెచ్‌-4 వీసాతో చదువుకోవడానికి అడ్డు లేదు, ఎఫ్‌-1కు మారనక్కర్లేదు. అయితే ట్యూషన్ లెక్క కోసం కాలేజీ రెసిడెన్సీ (మీరు ఆ రాష్ట్రవాసులా కాదా అన్నది) ఎలా నిర్ణయిస్తుందో దరఖాస్తుకు ముందే అడగండి. ఫారంలో పొరపాటున నాన్‌రెసిడెంట్‌గా పడితే బిల్లు చూసి గుండె ఆగుతుంది. అలా వచ్చినా కంగారు పడకండి. అడ్మిషన్స్ ఆఫీసులో రెసిడెన్సీ పునఃపరిశీలనకు కాగితాలు పెట్టవచ్చు.

క్రమం ఇలా:

1. కౌన్సెలర్‌తో మాట్లాడి, హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కు ఇంకా ఏమేం కావాలో జాబితా తీసుకోండి.
2. కాలేజీకి దరఖాస్తు చేసి విద్యార్థి నంబరు తెచ్చుకోండి.
3. ప్లేస్‌మెంట్, అంటే ఏ స్థాయి కోర్సులో చేరవచ్చో, తేల్చుకోండి. టెక్సస్‌లో అయితే టీఎస్ఐ పరీక్ష రాయాలి, లేదా మినహాయింపు చూపాలి.
4. కౌన్సెలర్, తల్లిదండ్రుల సంతకాలతో అనుమతి ఫారం. చాలాచోట్ల ప్రతి టర్మ్‌కూ కొత్తగా కావాలి.
5. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే కోర్సు పట్టుకోండి, ఒకటి అదనంగా మనసులో ఉంచుకోండి.
6. సిలబస్ చేతికి రాగానే పరీక్షల తేదీలన్నీ హైస్కూల్ క్యాలెండర్‌తో కలిపి రాయండి. స్ప్రింగ్ బ్రేక్‌లు రెండూ ఒకే వారం రాకపోవచ్చు.

మొదటి కోర్సుగా ఏది? పిల్లలకు బాగా వచ్చిన సబ్జెక్టులో ఒక్కటి. మూడు క్రెడిట్ల కోర్సుకు క్లాసులో వారానికి మూడు గంటలు, బయట ఆరు గంటలు అనుకోండి. వేసవి కోర్సు తేలిక అనుకోవద్దు. పదిహేను వారాల పాఠం ఆరు లేక ఎనిమిది వారాల్లో చెబుతారు.

మూడు తేదీలు ఫ్రిజ్ మీద అంటించండి: ట్రాన్‌స్క్రిప్ట్ మీద జాడ లేకుండా కోర్సు వదిలేసే ఆఖరు రోజు, డబ్ల్యూ (విత్‌డ్రా) గుర్తుతో వదిలేసే ఆఖరు రోజు, ఫీజు గడువు. క్లాసుకు వెళ్ళడం మానేస్తే పేరు దానంతటదే పోతుందనుకోకండి. చివర ఎఫ్ వచ్చి పడుతుంది. మొదటి పరీక్షలో బాగా దెబ్బ తింటే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కు వెళ్ళాలి, రెండోది కూడా అలాగే పోతే డబ్ల్యూ తీసుకోవడమే మేలు. ఒక్క డబ్ల్యూతో ఏ తలుపూ మూసుకుపోదు.

తల్లిదండ్రులకు ఒక మాట. కాలేజీలో చేరగానే, వయసు పదహారైనా, చదువు రికార్డుల మీద హక్కు ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థిదే. మీరు ప్రొఫెసర్‌కు ఈమెయిల్ రాస్తే జవాబు రాకపోవచ్చు. రాసేది అమ్మాయో అబ్బాయో రాయాలి, కాలేజీ ఈమెయిల్ రోజూ చూడాలి. ఆ అలవాటు ముందే చేయించండి.

క్లెప్ ఎప్పుడు? రాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీకో కమ్యూనిటీ కాలేజీకో వెళ్ళడం ఖాయమై, ఆ కాలేజీ ఒప్పుకునే సబ్జెక్టు పిల్లలకు ఇప్పటికే వస్తే. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 50 స్కోరుకు క్రెడిట్ సిఫారసు చేస్తుంది. పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీలు చాలావరకు తీసుకోవు. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ ఉచితంగా పాఠాలు చెప్పి, పూర్తి చేసినవాళ్ళకు పరీక్ష ఫీజు వోచర్ కూడా ఇస్తుంది. మళ్ళీ రాయాలంటే మూడు నెలలు ఆగాలి.

## 9. ఇండియా నుంచి రాసేవాళ్ళకు

జేఈఈ, ఈఏపీసెట్ ర్యాంకులకు ఏపీ స్కోరుతో సంబంధం లేదు. అమెరికాలో డిగ్రీ చదవాలని ఖాయంగా అనుకున్నవాళ్ళే ఈ ఖర్చు పెట్టండి. బయటి దేశాల్లో ఫీజు అమెరికా కంటే ఎక్కువ, సెంటర్ రుసుము అదనంగా ఉండవచ్చు.

ఎంపీసీ పిల్లలకు క్యాల్కులస్ బీసీ, ఫిజిక్స్ సి మెకానిక్స్, కెమిస్ట్రీ దగ్గరి చుట్టాలు. పాఠం కొత్తగా ఉండదు. కొత్తగా ఉండేది వివరణ: ప్రయోగం ఎలా చేస్తావు, ఈ ఫలితం ఎందుకు వచ్చింది అని ఇంగ్లిష్‌లో మూడు నాలుగు వాక్యాలు రాయాలి. షార్ట్‌కట్‌లతో ఆప్షన్ పట్టుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. 5వ భాగంలో చెప్పిన స్కోరింగ్ గైడ్‌లైన్స్‌తో రెండు నెలలు రాస్తే దారిలో పడతారు.

తేదీల ఇరుకు మాత్రం నిజమైన సమస్య. ఇంటర్ పరీక్షలు మార్చిలో ముగుస్తాయి, ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రెండో విడత, మేలో ఏపీలు, ఈఏపీసెట్, జేఈఈ అడ్వాన్స్‌డ్ వరసగా వస్తాయి. అన్నీ రాయాలనుకుంటే ఏపీలను ఇంటర్ మొదటి ఏడాది మేలోనే ఒకటో రెండో రాసేయడం మంచిది. సెంటర్ కోసం సెప్టెంబర్‌లోనే ప్రయత్నించండి.

## 10. స్కోర్లు వచ్చాక

అడ్మిషన్ దరఖాస్తులో స్కోర్లు విద్యార్థే రాసుకుంటే చాలా కాలేజీలకు సరిపోతుంది. అధికారిక స్కోర్లు చేరేటప్పుడు పంపాలి. అధికారిక నివేదికలో పాత సంవత్సరాల స్కోర్లు కూడా అన్నీ వెళ్తాయి. ఒకటి కనపడకూడదంటే విత్‌హోల్డ్ చేయమని ముందే అడగాలి.

డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్‌కు హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ చాలదు. కోర్సు చదివిన కాలేజీ నుంచే అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించాలి, చివరి గ్రేడ్ ఎక్కిన తర్వాతే. ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్‌గా దాచుకోండి. క్రెడిట్ నిరాకరిస్తే అప్పీలులో అడిగే మొదటి కాగితం అదే.

ఓరియంటేషన్‌కు ముందు ఇవి చూసుకోండి:

- కాలేజీ పోర్టల్‌లో ఏపీ, ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లు కనిపిస్తున్నాయా?
- ఏ కోర్సు నంబర్ల కింద పడ్డాయి?
- పడనివాటికి డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ పేరు, ఈమెయిల్ ఉన్నాయా?

క్రెడిట్ వచ్చిందని ప్రతిచోటా ముందుకు దూకాల్సిన పని లేదు. క్యాల్కులస్ బీసీలో 5 వచ్చి నేరుగా మల్టీవేరియబుల్‌కు వెళ్ళే ముందు, ఆ యూనివర్సిటీ క్యాల్కులస్ 2 పాత ఫైనల్ పేపర్ ఒకటి సంపాదించి ఇంట్లో సమయం పెట్టుకుని రాయండి. బాగా వస్తే ముందుకు వెళ్ళండి. సగం దగ్గర ఆగిపోతే క్యాల్కులస్ 2 అక్కడే మళ్ళీ తీసుకోండి, తీసుకుంటే ఏపీ క్రెడిట్ పోతుందేమో రిజిస్ట్రార్‌ను అడిగి మరీ. మెడిసిన్ దారిలో ఉన్నవాళ్ళు కొన్ని మెడికల్ స్కూళ్ళు బయాలజీ, కెమిస్ట్రీలకు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోవని గుర్తుపెట్టుకుని, ఆ కోర్సులు కాలేజీలో తీసుకోవాలో వద్దో ప్రీహెల్త్ అడ్వైజర్‌తో మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు ముందే తేల్చుకోవాలి.